కట్టెల సంచి: బరువు గుడ్డ మీద పడకుండా కుట్టడం

(మిషిగన్‌లో తెలుగువాళ్ళు నడుపుకునే శనివారం కుట్టు క్లాసులో చెప్పిన మాటలు. రికార్డింగు విని రాసుకున్నవి.)

అందరికీ నమస్కారమండీ. వెనక కూర్చున్నవాళ్ళు కాస్త ముందుకి జరగండి, మైకు పెట్టలేదు, నా గొంతు అంత దూరం రాదు. మొదలుపెట్టే ముందు ఈ సంచి చేతులు మార్చుకుంటూ అందరూ ఒకసారి చూడండి. నవ్వుకోండి, పర్లేదు, నేను కుట్టిందే. రెండేళ్ళ కింద కుట్టాను, పదకొండు రోజులు వాడాను, పన్నెండో రోజు ఇలా అయింది.

ఒక కాడ ఊడొచ్చేసింది కదా. ఊడిన చోట వేలు పెట్టి చూడండి. దారం తెగలేదు. కుట్టు కుట్టులాగే ఉంది, కాడకి ఇంకా గుడ్డ ముక్క నాలుకలా వేలాడుతోంది కూడా. చిరిగింది గుడ్డ, అదీ కుట్టు గీత వెంబడే, స్టాంపుల కాగితం చిల్లుల దగ్గర చింపితే ఎలా వస్తుందో అలా వచ్చింది. గట్టిగా ఉండాలని నేను మరీ సన్నటి కుట్టు వేశాను, ఒకదాని మీద ఒకటి మూడుసార్లు వేశాను. గట్టి చేద్దామని గుడ్డకి అన్ని చిల్లులు పెట్టాను.

ఆ రోజు జనవరి. మా పెరటి డెక్కు మెట్ల మీద మంచు గడ్డకట్టి గాజులా ఉంది. ఒక చేత్తో రెయిలింగు పట్టుకున్నాను, ఇంకో చేతిలో ఈ సంచి, అందులో పదకొండు కట్టెలు. మూడో మెట్టు మీద కాడ ఊడింది. పది కట్టెలు మెట్ల మీద దొర్లుకుంటూ పోయాయి, పదకొండోది నా కాలి మీద పడింది. బొటనవేలి గోరు ఉగాది దాకా నల్లగానే ఉంది.

సాయంత్రం నాన్నకి వీడియో కాల్ చేసి చూపించాను. కాలు చూపించాను, సంచి కూడా చూపించాను. మా నాన్న టైలరండీ, కానీ జాకెట్లూ ప్యాంట్లూ కుట్టే టైలరు కాదు. తాడేపల్లిగూడెం దగ్గర మా ఊళ్ళో టెంటు హౌసుల వాళ్ళకి షామియానాలు, ధాన్యం మీద కప్పే బరకాలు, లారీల మీద పరిచే పట్టాలు, అలాంటి ముతక పనే జీవితమంతా చేశారు. ఆయన కాలు చూసి "పసుపు రాసుకో" అన్నారు, సంచిని మాత్రం చాలాసేపు చూశారు. చూసి, "బరువంతా గుడ్డకి వేలాడదీశావేంటే, నవారు మంచానికి నవారు మేకులు కొట్టి బిగిస్తామా?" అన్నారు.

అంతే, ఇవాళ నేను చెప్పబోయేది ఆ ఒక్క మాటే. మిగతాదంతా కొలతలు.

నవారు మంచం అల్లడం చూసినవాళ్ళు ఎంతమంది ఉన్నారు ఇక్కడ? ఆ, అక్కా మీరు చూశారు, బాబాయిగారు చూశారు, సరే. నవారు ఏం చేస్తుంది, ఒక పట్టె చుట్టూ తిరిగి, అవతలి పట్టె దాకా వెళ్ళి, దాని చుట్టూ తిరిగి మళ్ళీ ఇవతలికి వస్తుంది. ఎక్కడా దాన్ని దేనికీ అతికించరు. మనిషి పడుకుంటే ఆ బరువు నవారు వెంబడి పట్టెలకి పోతుంది, పట్టెల్లోంచి కోళ్ళకి, కోళ్ళలోంచి నేలకి. మధ్యలో కుట్టు మీద ఆధారపడిన చోటు ఒక్కటీ లేదు. కట్టెల సంచిలో కూడా అదే జరగాలి. కాడ అనేది సంచి అంచుకి కుట్టిన ముక్క కాకూడదు. చేతిలో మొదలై, సంచి పక్కనుంచి దిగి, అడుగు కిందుగా పోయి, అవతలి పక్క ఎక్కి, అక్కడ రెండో కాడ అయ్యి, మళ్ళీ దిగి, అడుగు కిందుగా తిరిగొచ్చి తనకి తానే కలుసుకోవాలి. ఒకే నవారు, ఒకే చుట్టు. కట్టెలు నవారు మీద కూర్చుంటాయి, గుడ్డ వాటిని జారిపోకుండా పట్టుకుంటుంది, బెరడు పొట్టు ఇల్లంతా రాలకుండా చూస్తుంది. గుడ్డకి ఉన్న పని అంతవరకే.

బజార్లో కొనుక్కోవచ్చు కదా అంటారు, కొనుక్కోవచ్చు. కొనేముందు మాత్రం సంచిని బోర్లా తిప్పి అడుగు చూడండి. అడుగున నవారు కనిపిస్తే కొనండి, పైఅంచు దగ్గరే ఆగిపోతే అక్కడే పెట్టేసి రండి.

మన ఊళ్ళలో కట్టెలకి సంచి అనే మాటే లేదు. మా నాయనమ్మ మోపు కట్టి తల మీద పెట్టుకునేది, నెత్తిన చుట్టకుదురు, దాని మీద మోపు, చేతులు రెండూ ఖాళీ. అంత తెలివైన పద్ధతి ఇంకోటి లేదు నిజానికి. కానీ ఇక్కడ మంచు మీద నెత్తిన బరువు పెట్టుకుని మెట్లెక్కితే తిన్నగా ఆస్పత్రికే. ఇక్కడ కావలసిందల్లా ఒక చెయ్యి రెయిలింగుకి ఖాళీగా ఉండడం. ప్లాస్టిక్ టబ్బుకి రెండు చేతులూ కావాలి, చేతుల్లో పొదివి పట్టుకుంటే స్వెట్టరు నిండా చెక్కపేళ్ళు గుచ్చుకుంటాయి, కాళ్ళ కింద ఏముందో కనపడదు. అందుకే ఇక్కడివాళ్ళు ఈ ఉయ్యాల లాంటి సంచి పట్టుకున్నారు. రెండు వైపులా మూతి లేకుండా తెరిచి ఉంటుంది, కట్టెల కొసలు బయటికి కనిపిస్తుంటాయి. కింద పరిస్తే చాపలా పడుకుంటుంది, మీద కట్టెలు పేర్చుకుని, రెండు కాడలూ కలిపి ఎత్తడమే.

ఇప్పుడు కట్టె సంగతి, ఎందుకంటే మొయ్యాల్సిన బరువు తెలియకుండా కుట్టడం మొదలుపెడితే నాలాగే అవుతుంది. ఇదిగో, ఇది యాష్ అనే చెట్టు కట్టె. దీన్నీ చేతులు మార్చుకుంటూ చూడండి, బెరడు ఊడిన వైపు చూడండి. పాము పాకినట్టు మెలికలు మెలికలుగా గీతలున్నాయి కదా, అది ఎవరో చెక్కింది కాదు, పురుగు తిన్న దారి. ఎమరాల్డ్ యాష్ బోరర్ అంటారు, మెరిసే పచ్చటి పెంకు పురుగు, తూర్పు ఆసియా నుంచి వచ్చింది. ఈ దేశంలో దాన్ని మొట్టమొదట గుర్తించింది ఎక్కడో కాదు, 2002లో, డెట్రాయిట్ పక్కన మన కాంటన్‌లోనే. మనవాళ్ళు అపార్టుమెంట్లు వెతుక్కునే కాంటనే. దాని పిల్లలు బెరడు కిందుండే పొరని తినేస్తాయి, నీళ్ళూ ఆహారం పోయే దారి తెగిపోయి చెట్టు నిలువునా ఎండిపోతుంది. కోట్ల చెట్లు పోయాయి. బెరడు మీద చిన్న రంధ్రం కూడా చూడండి, ఇంగ్లీషు డీ అక్షరంలా ఒక పక్క చదునుగా ఉంటుంది. పెద్దయ్యాక పురుగు బయటికొచ్చిన గుమ్మం అది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ పురుగు తనంతట తాను ఎగిరేది కొద్ది దూరమే. ఊళ్ళు దాటింది ఎక్కువగా మనుషుల బళ్ళలో, కట్టెలతో పాటే. క్యాంపింగుకి వెళ్ళేటప్పుడు ఇంట్లో కట్టెలు ఉన్నాయి కదా అని సంచి నింపుకుని కారులో పడేసుకోకండి. ఎక్కడ కాలుస్తారో అక్కడే కొనండి. ఈ సంచి పెరట్లోంచి పొయ్యి దాకా మొయ్యడానికే.

బరువుకి వద్దాం. ఇక్కడ కట్టెలు సాధారణంగా 16 అంగుళాల పొడుగున కోస్తారు. మీ చేతిలో ఉన్నదాన్ని నేను తూచాను, బాగా ఎండింది, 1.7 కిలోలు. అలాంటివి పది అంటే 17 కిలోలు. ఎండనిది అయితే ఇంకా ఎక్కువ, ఓక్ పచ్చిదైతే చెప్పనక్కర్లేదు. లోపల తడి 20 శాతం కంటే తక్కువుంటేనే కట్టె బాగా కాలుతుంది, లేకపోతే వేడిలో కొంత నీళ్ళని ఆవిరి చెయ్యడానికే పోతుంది, పైగా పొగ ఎక్కువ. యాష్ కాస్త మేలు, పచ్చిగా ఉన్నప్పుడే చాలా చెట్ల కంటే దాన్లో నీరు తక్కువ.

(ఒకరు: కట్టెలు కొనేటప్పుడు కార్డ్ అంటారు, ఫేస్ కార్డ్ అంటారు, ఏంటండీ తేడా?)

మంచి ప్రశ్న, నేనూ మోసపోయాను మొదటి ఏడాది. మన దగ్గర కట్టెల అడితికి వెళ్తే కాటా వేసి కిలోల లెక్కన ఇస్తారు. ఇక్కడ పేర్చి కొలుస్తారు. కార్డ్ అంటే 4 అడుగుల ఎత్తు, 4 అడుగుల లోతు, 8 అడుగుల పొడుగు, మొత్తం 128 ఘనపుటడుగులు. ఫేస్ కార్డ్ అంటే ఎత్తూ పొడుగూ అవే, లోతు మాత్రం ఒక కట్టె పొడుగంతే, అంటే 16 అంగుళాలు. మూడు ఫేస్ కార్డులైతే ఒక కార్డ్. ఫోన్లో "ఒక కార్డ్" అని చెప్పి ట్రక్కులోంచి ఫేస్ కార్డ్ దింపి పోయేవాళ్ళుంటారు. దింపకముందే అడగండి. సరే, సంచికి వద్దాం.

కాబట్టి మన సంచి 17, 18 కిలోలు మొయ్యాలి. ఊరికే వేలాడదీస్తే ఒక లెక్క, మెట్లు దిగేటప్పుడు ఒక్క కుదుపు వచ్చిందంటే ఆ క్షణానికి అది రెట్టింపు బరువులా లాగుతుంది. అంతకంటే పెద్ద సంచి కుట్టొద్దు. కుట్టగలరు, కానీ పెద్దగా ఉంటే నింపుతారు, నింపితే మోస్తారు, మర్నాడు నడుం పట్టేస్తుంది. మా ఆయన తన కోసం పెద్దది కుట్టమని రెండేళ్ళుగా అడుగుతున్నాడు, ఇంకా కుట్టలేదు.

గుడ్డ. ఇది డక్ కాన్వాస్, మందపాటి నూలు గుడ్డ. బాతుకీ దీనికీ ఏం సంబంధం లేదు, డచ్చి భాషలో గుడ్డని డూక్ అంటారు, అదే తిరిగి తిరిగి డక్ అయింది. దీన్ని నంబర్లతో అమ్ముతారు, తమాషా ఏంటంటే నంబరు పెరిగితే గుడ్డ పల్చనవుతుంది. 36 అంగుళాలకి 22 అంగుళాల ముక్క ఎన్ని ఔన్సులు తూగుతుందో చూసి, దాన్ని 19లోంచి తీసేస్తే వచ్చేదే నంబరు. ఇది 10 నంబరు, అంటే ఆ ముక్క 9 ఔన్సులు. మనకి అర్థమయ్యేలా చెప్పాలంటే చదరపు మీటరుకి దాదాపు 500 గ్రాములు. 8 నంబరు ఇంకా మందం, మంచి మిషన్ ఉంటే ఓపికతో కుట్టచ్చు. 4 నంబరు జోలికి వెళ్ళకండి, అది మా నాన్న మిషన్ కుట్టాల్సిన గుడ్డ, ఇంటి మిషన్ మొరాయిస్తుంది. నన్నడిగితే 10 నంబరు చాలు. బరువు నవారు మోస్తున్నప్పుడు గుడ్డ మందం కోసం అంత ఆరాటం అక్కర్లేదు.

(ఒకరు: పాత జీన్స్ పనికొస్తాయా?)

పనికొస్తాయి, అదే చెప్పబోతున్నాను. మోకాళ్ళ దగ్గర అరిగిపోయి ఉంటుంది, ఆ ముక్క వదిలేసి కాలి వెనక భాగాలు తీసుకోండి, రెండు పొరలుగా వేసుకోండి. నా మొదటి సంచిలాగా కాడలు అంచుకి కుడితే జీన్స్ గుడ్డ వారం కూడా ఆగదు. నవారు కిందనుంచి తిప్పితే ఏళ్ళకేళ్ళు వస్తుంది.

డక్ కొన్నాక, కొయ్యకముందే, వేడినీళ్ళలో ఉతికి డ్రయ్యర్లో వెయ్యండి. ఇది బద్ధకించే పని కాదు. నూలు గుడ్డ కుంచించుకుపోతుంది, కుట్టాక కుంచించుకుంటే నవారు మాత్రం అలాగే ఉండి మధ్యలో గుడ్డ ముడతలు పడి మురుకుల్లా అవుతుంది. మామూలుగా 60 అంగుళాల పన్నా వస్తుంది, ఉతికాక నాకు 58 చిల్లర మిగిలింది. పన్నా అడ్డంగా మూడు ముక్కలు, ఒక్కోటి 19 అంగుళాలు. పొడుగు 44. అంటే గజంన్నర గుడ్డ తెస్తే మూడు సంచులు, అడుగు పట్టీలకి గుడ్డ వేరే. ముగ్గురు కలిసి కొనుక్కోండి, ఇవాళ మనం చేస్తున్నది అదే. పొడుగు మాత్రం పడుగు దారాల వెంబడే ఉండాలి, అంటే అంచుకి సమాంతరంగా. అడ్డంగా కోస్తే సాగుతుంది.

నవారు. నాన్నకి ఇక్కడ నవారు దొరుకుతుందని చెప్తే నమ్మలేదు, వెబ్బింగ్ అని అమ్ముతారంటే "పేరు మార్చి అమ్ముతున్నారన్నమాట" అన్నారు. ఒకటిన్నర అంగుళం వెడల్పు తీసుకోండి. అంగుళందైతే చేతికి కోసుకుంటుంది. మెరిసే ప్లాస్టిక్ రకం చవకే కానీ అంచులు పదునుగా ఉంటాయి, ఎండలో పడి ఉంటే పెళుసెక్కుతుంది, చలికి కర్రలా బిగుసుకుంటుంది. నైలాన్ గట్టిదే, చేతిలో జారుతుంది. నేను మందపాటి నూలు నవారే వాడతాను. తడిస్తే ఆరడానికి టైం పడుతుంది నిజమే, కానీ మైనస్ పది డిగ్రీల చలిలో చేత్తో పట్టుకున్నప్పుడు ఆ తేడా తెలుస్తుంది. దీన్నీ గుడ్డతో పాటే ఉతకండి.

ఎంత కావాలి? కుట్టడం అయ్యాక సంచి పొడుగు 40. అటూ ఇటూ రెండుసార్లు పోతుంది కాబట్టి 80. కాడలు రెండు, ఒక్కోటి 20, అది 40. చివర ఒకదాని మీద ఒకటి ఎక్కించడానికి 6. మొత్తం 126 అంగుళాలు, సరిగ్గా మూడున్నర గజాలు. నాలుగు గజాలు కొనండి, ఉతికితే ఎంత పోతుందో మన చేతిలో లేదు.

కాడ 20 అంగుళాలే ఎందుకంటే, ఎత్తినప్పుడు సంచి పైఅంచు నుంచి చేతి దాకా ఏడు అంగుళాలు చిల్లర వస్తుంది. భుజానికి వేసుకుందామని పొడుగు పెడితే, మెట్లెక్కేటప్పుడు సంచి అడుగు పై మెట్టుకి తగులుతుంది, తగిలిందంటే మనం ముందుకి తూలతాం. నేను ఐదడుగుల రెండంగుళాలు. మీరు నాకంటే పొట్టైతే 18 పెట్టుకోండి.

ఇక్కడొక మాట. కొంతమంది కాడల బదులు పైఅంచుని మడిచి గొట్టంలా కుట్టి అందులో గుండ్రటి కర్ర దూరుస్తారు, మధ్యలో చెయ్యి పట్టేటంత కన్నం కోస్తారు. చూడ్డానికి చాలా అందంగా ఉంటుంది, నేనూ ఒకటి కుట్టి ఎవరికో పెళ్ళిరోజుకి ఇచ్చాను కూడా. కానీ బరువు మళ్ళీ గుడ్డ మీదే పడింది కదా, పైగా సరిగ్గా కన్నం కోసిన చోటే. ఎప్పుడో ఒకసారి వాడేవాళ్ళకి పర్లేదు.

కుట్టడానికి వద్దాం. సూది ముఖ్యం. జాకెట్లు కుట్టే 14 నంబరు సూది ఈ గుడ్డలో వంగిపోతుంది, వంగి ప్లేటుకి తగిలి విరిగితే ముక్క ఎటు ఎగురుతుందో తెలియదు, కళ్ళద్దాలు పెట్టుకోండి. 18 నంబరు పెట్టండి, ప్యాకెట్ మీద 110 బై 18 అని ఉంటుంది. ఆ 110 అంటే సూది లావు, మిల్లీమీటరులో నూరో వంతుల లెక్కన, అంటే 1.1 మిల్లీమీటర్లు. దారం పాలియెస్టర్. నూలు దారం వద్దు, తడికి చీకిపోతుంది, సంచి పైకి బాగానే కనిపిస్తుంటుంది, లోపల కుట్టు చచ్చిపోయి ఉంటుంది. పైన లావు దారం ఎక్కిస్తే కింద దారం చుట్టే బాబిన్‌లో మామూలు పాలియెస్టర్ పెట్టుకోవచ్చు, అప్పుడు పై టెన్షన్, అంటే పై దారం బిగువు, కొంచెం పెంచుకోవాలి. మిషన్ టెన్షనండీ, మీది కాదు.

కుట్టు పొడుగు 4 మిల్లీమీటర్ల దగ్గర పెట్టండి, మూడున్నర కంటే తగ్గకండి. నా చిరిగిన సంచి ఎక్కడుంది ఇప్పుడు? ఆ, అక్కా, ఆ చిల్లులు ఇంకోసారి చూపించండి అందరికీ. ఒకటిన్నర మీద వేసిన కుట్టు అది.

ముందు పొడుగు పక్కలు మడవండి, అరంగుళం, మళ్ళీ అరంగుళం. 19లో రెండు పోయి 17 మిగులుతుంది, 16 అంగుళాల కట్టెకి అది చాలు. తర్వాత పైఅంచులు రెండూ, అంగుళం, మళ్ళీ అంగుళం. ఇక్కడే మూలల దగ్గర చిక్కొస్తుంది. మడిచిన అంచు అంటే మూడు పొరలు, మూల దగ్గర మడతని మళ్ళీ మడుస్తున్నాం కాబట్టి మూడు మూళ్ళు తొమ్మిది పొరలు. ఏ ఇంటి మిషనూ తొక్కదు. పైఅంచు మడవకముందే లోపలికి పోయే ఆ మూల ముక్కని ఏటవాలుగా కోసెయ్యండి. కోశాక కూడా ఎత్తుగానే ఉంటే సుత్తి తీసుకుని కొట్టండి. నిజంగానే చెప్తున్నాను, నాన్న ప్రతి మడతనీ చిన్న సుత్తితో రెండు దెబ్బలు కొట్టాకే, గుడ్డని అదిమి పట్టే ఫుట్టు కిందికి పంపేవారు. గుడ్డ అణిగిపోతుంది, సూది దిగుతుంది.

ఎత్తు ఎక్కేటప్పుడు ఫుట్టు ముందు భాగం పైకి లేస్తుంది, అప్పుడే కుట్లు తప్పుతాయి. ఫుట్టు వెనక భాగం కింద అదే మందం ఉన్న గుడ్డ ముక్క మడిచి పెట్టండి, ఫుట్టు చదునుగా కూర్చుంటుంది. అక్కడ మోటారు వాడకుండా చేత్తో చక్రం తిప్పండి, ఒక్కో కుట్టూ. నాలుగైదు కుట్లే కదా.

అంచులయ్యాక అడుగు పట్టీ. 14 అంగుళాల గుడ్డ ఇంకోటి సంచి లోపలి వైపు సరిగ్గా మధ్యలో వేసి చుట్టూ కుట్టెయ్యండి. బెరడు గీసుకునేది అక్కడే. రెండు మూడేళ్ళకి అది అరిగితే ఊడదీసి కొత్తది వెయ్యచ్చు, సంచి చెక్కుచెదరదు.

ఇక నవారు. సంచిని బోర్లా పరవండి. ఒక్కో పక్క నుంచి నాలుగున్నర అంగుళాల దగ్గర సుద్దతో పైనుంచి కింద దాకా గీత గియ్యండి. రెండు గీతల మధ్య 8 అంగుళాలు. నవారు కొస ఒక గీత మీద, అడుగు మధ్యలో పెట్టి మొదలుపెట్టండి. అక్కడ మొదలుపెట్టడంలో కిటుకు ఉంది. కట్టెల బరువు అతుకుని కిందికి నొక్కుతుంది, ఊడదీసి లాగదు. గీత వెంబడి పైకి, 20 అంగుళాలు వదిలి రెండో గీత మీదికి, అక్కడినుంచి కిందికి, మళ్ళీ 20 వదిలి మొదటి గీత మీదికి, బయల్దేరిన చోటికి వచ్చి కొస మీద 6 అంగుళాలు ఎక్కించండి. ఇప్పుడు ఆగండి. కుట్టకముందు రెండు కాడల్నీ చేత్తో తడిమి చూడండి, ఎక్కడైనా మెలి పడిందేమో. మెలి పడిన కాడని నేను రెండు వైపులా కుట్టేసి, అడుగు అతుకుకి ఇంటూ మార్కు కూడా వేసేశాక గమనించాను ఒకసారి. ఊడదియ్యడానికి రెండు గంటలు పట్టింది, మధ్యలో పప్పు మాడింది.

నవారు రెండు అంచుల వెంబడీ కుట్టండి, అంచు నుంచి బియ్యపుగింజంత లోపలికి. పైఅంచు దగ్గరికొచ్చాక, ఆ మందపాటి మడత మీద, చదరంగా కుట్టి లోపల ఇంటూ మార్కు వెయ్యండి. అలాంటివి నాలుగు వస్తాయి. అడుగున అతుకు మీద పొడుగాటి చదరం, దాంట్లో ఇంటూలు రెండు. రివర్స్ కుట్టు ముందుకీ వెనక్కీ మూడేసి చాలు, పది అక్కర్లేదు.

(ఒకరు: మా అత్తగారికి మిషన్ లేదు, చేత్తో కుట్టచ్చా?)

ఎందుకు కుట్టకూడదండీ? మన ఊళ్ళో ధాన్యం బస్తాల మూతులు ఏ మిషన్ మీద కుట్టారు? దబ్బనం, పురికొస, అంతే కదా. ఇక్కడ తోలు కుట్టే దారం దొరుకుతుంది, మైనం పూసి ఉంటుంది, అది తీసుకోండి. ముందుకి ఒకటి వేసి వెనక్కి వచ్చి కుట్టండి, ఒక్కటి తెగినా పక్కది పట్టుకుంటుంది. వేలికి అంగుస్తానా పెట్టుకోమనండి. నాలుగు సాయంత్రాలు పడుతుంది, సీరియల్ చూస్తూ కుట్టుకోవచ్చు.

(ఒకరు: మైనం పూసిన కాన్వాస్ వాడచ్చా? మంచు తడికి బాగుంటుంది కదా.)

బాగుంటుంది, నీళ్ళు జారిపోతాయి. రెండు ఇబ్బందులు. సూది గుచ్చిన చిల్లు గుడ్డలో అలాగే ఉండిపోతుంది, ఊడదీసి మళ్ళీ కుడదామంటే కుదరదు, గుండుసూదులు కూడా పెట్టకూడదు, క్లిప్పులు వాడాలి. రెండోది, మిషన్‌లో ఉతకలేరు. మొదటి సంచి మామూలు డక్‌తోనే కుట్టండి, చెయ్యి తిరిగాక రెండోది చూద్దాం.

కుట్టడం అయ్యాక కట్టెలతో పరీక్ష చెయ్యకండి, కాలు మీద నాకు అనుభవం ఉంది. మనందరి ఇళ్ళలో 20 పౌండ్ల సోనా మసూరి సంచులుంటాయి కదా, రెండు పెట్టండి, 18 కిలోలు. నేల మీద జానెడు ఎత్తున పట్టుకుని, పైకీ కిందికీ నాలుగైదుసార్లు కుదపండి. తర్వాత నాలుగు ఇంటూ మార్కుల దగ్గరా గుడ్డని వెలుతురుకి పెట్టి చూడండి. సూది చిల్లులు గుండ్రంగా ఉంటే సరే. సాగి కోడిగుడ్డు ఆకారంలోకి వస్తే అక్కడ బరువు గుడ్డ మీద పడుతోందని, ఆ పక్క నవారు వదులైందని అర్థం. ఊడదీసి బిగించి కుట్టండి.

(ఒకరు: ఇందులో బూడిద కూడా ఎత్తచ్చా?)

అమ్మో, వద్దు. బూడిదకి మూతున్న ఇనప డబ్బానే. బూడిద కింద నిప్పు చాలాసేపు బతికే ఉంటుంది, నూలు గుడ్డకి వెంటనే మంట రాకపోయినా లోలోపల రాజుకుంటుంది, మీకు వాసన తగిలేసరికి ఆలస్యమైపోతుంది. ఖాళీ సంచి కూడా పొయ్యికి మూడు అడుగుల లోపల పెట్టకండి. అలాగే కట్టెలు ఒక్కరోజుకి సరిపడానే లోపలికి తెచ్చుకోండి. వెచ్చగా ఉంటే బెరడులో పడుకున్న సాలీళ్ళూ చీమలూ వసంతం వచ్చిందనుకుని లేచి తిరుగుతాయి. మా అమ్మాయి ఒకసారి సోఫా మీద చూసి, వారం రోజులు ఆ గదిలోకి రాలేదు.

ఉతకడం గురించి ఎవరో అడిగారు ఇందాక. ఏడాదికి ఒకసారి చాలు, ఏప్రిల్‌లో. ముందు బయట దులపండి, చీపురు పుల్లతో మూలల్లో పొట్టు గీకెయ్యండి, లేకపోతే వాషింగ్ మిషన్ ఫిల్టరు మూసుకుపోతుంది. తడిగా మడతపెట్టకండి, బూజు పడుతుంది.

ఇక చాలు, మిషన్లు మూడే ఉన్నాయి, మనం పద్నాలుగు మందిమి. గుడ్డ నేను ఉతికే తెచ్చాను. ముగ్గురు ముగ్గురుగా బల్ల దగ్గరికి రండి, ముందు కొలత, తర్వాత కోత. సుద్దముక్కలు అక్కడ డబ్బాలో ఉన్నాయి. ఆ నల్ల పిడి కత్తెర మా నాన్నది, గుడ్డకే వాడండి, ఆ 18 నంబరు సూదుల ప్యాకెట్ చింపడానికి మాత్రం దాన్ని తియ్యకండి, పళ్ళతో చింపుకోండి.